పందొమ్మిదో గేటు

2024 ఆగస్టు 10, శనివారం. హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం అంచుల దాకా నిండి ఉంది. 105 టీఎంసీలు పట్టే జలాశయంలో ఇంక చోటు లేదు. పైనుంచి వస్తున్న వరదను కొన్ని గేట్లెత్తి కిందికి వదులుతున్నారు. రాత్రి పదకొండు దాటింది. 33 గేట్ల వరుసలో పందొమ్మిదో గేటును మోస్తున్న గొలుసు తెగింది.

ఆ గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు తలుపు. దాని వెనక నీళ్లు నిండా ఉన్నప్పుడు ఎంత బలంతో నెడతాయో హైస్కూలు పిల్లవాడు కూడా లెక్క కట్టగలడు. ఘనపు అడుగు నీరు 62 పౌండ్ల పైచిలుకు బరువు. పై అంచున ఒత్తిడి సున్నా, అడుగున 20 అడుగుల నీటి బరువు. సగటు తీసి వైశాల్యంతో గుణిస్తే దాదాపు 340 టన్నులు వస్తుంది. గొలుసు పట్టు వదిలాక తలుపు నిలవలేదు. నదిలోకి కొట్టుకుపోయింది. ఒక్క ఖానా మొత్తం తెరుచుకుంది. ఇక దాన్ని మూసే తలుపే లేదు.

ఒకే ఖానాలోంచి నీళ్లన్నీ దూకితే కట్టడం మీద భారం ఒక పక్కకే పడుతుంది. అందుకని మిగతా గేట్లు కూడా ఎత్తారు. తెల్లారేసరికి లక్ష క్యూసెక్కుల దాకా నీరు నదిలోకి పోతోంది. లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే ఎనిమిదిన్నర టీఎంసీలు ఖాళీ. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ కర్నూలు జిల్లాలో కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల వాళ్లను హెచ్చరించింది. నదిలో దిగొద్దంది, గొడ్లను తోలొద్దంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాలకు వారం రోజులే ఉంది. స్నానఘట్టాల దగ్గర భక్తులను ఆపే పని ముందుగానే మొదలైంది.

వరద భయం ఒక్కరోజుదే. పశ్చిమ కర్నూలుకు అసలు భయం వేరే. ఆదివారం పొద్దున్నే ఆదోని బస్టాండు హోటళ్లలో, ఎమ్మిగనూరు సోమప్ప సర్కిల్లో, మా జొన్నగిరి చావిడి దగ్గర కూడా నడిచిన మాటలు దాదాపు ఇవే.

"ఏమప్పో, డ్యాం గేటు కొట్టకపాయెనంట గదా?"

"అవునన్నా. నీళ్లన్నీ ఏట్లేకి పోతాండాయి."

"ఇంగ ఎల్లెల్సీకి యాడొస్తాయి? నాట్లు ఏసి పది దినాలు గాలేదు."

ఎల్లెల్సీ అంటే తుంగభద్ర దిగువ కాలువ. డ్యాం కుడిగట్టున పుట్టి, బళ్లారి జిల్లా అంతా తిరిగి మన గడ్డ మీదికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు అందులో 24 టీఎంసీల కేటాయింపు. కౌతాళం, కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు లక్షన్నర ఎకరాలకు పైగా ఆయకట్టు దానిదే. ఆ నీళ్లు చివరి దాకా ఎన్నేళ్లు సరిగ్గా అందాయన్నది వేరే కథ, అది చెప్పుకుంటూ పోతే ఈ కథ ముందుకు జరగదు. ఆదోని పట్టణం తాగే నీళ్లు కూడా ఈ కాలువవే. మా ఊరికైతే ఆ కాలువ రాదు. జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి అంతా మెట్ట. తొలకరి పడితే చేలల్లో వజ్రాలు వెతుక్కునే సీమ మాది. ఊరి పక్కనే బంగారం గని, కాస్త అవతల ఎర్రగుడిలో అశోకుడు చెక్కించిన రాళ్లు. నేల కింద ధనం ఉందని అందరూ అంటారు, పైన మాత్రం నీళ్లుండవు. అయినా కాలువ కింద కలుపుకు, కోతకు కూలికి పోయేది మా వాళ్లే. కాలువ ఎండితే ఆ కూలీ ఎండుతుంది. అందుకే హొసపేటలో గొలుసు తెగితే జొన్నగిరిలో నిద్ర పట్టలేదు.

డ్యాం దగ్గర ఆదివారం నుంచీ మంత్రులు, ఇంజినీర్లు వరస కట్టారు. కర్ణాటక ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ వచ్చారు, తర్వాత ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వచ్చారు. మన వైపు నుంచి మంత్రులు నిమ్మల రామానాయుడు, పయ్యావుల కేశవ్ వెళ్లారు. ముందున్న చిక్కు ఇది. గేట్లు కూర్చున్న గట్టు మట్టం 1613 అడుగులు, నిండు మట్టం 1633. కొత్త తలుపు పొడిగా ఉన్న ఖానాలో పెట్టాలంటే ఆ 20 అడుగుల నీళ్లూ పోవాలి. అంటే 60 టీఎంసీల మాట. మూడు రాష్ట్రాల ఖరీఫ్ అందులో కలిసిపోతుంది.

కొత్త డ్యాంలకు గేటు ముందు ఇంకో గాడి ఉంటుంది. గేటు చెడితే ఆ గాడిలోకి స్టాప్‌లాగ్ అనే పలకలు ఒకదాని మీద ఒకటి దింపి నీళ్లాపుతారు, వెనక తీరిగ్గా మరమ్మతు చేసుకుంటారు. తుంగభద్రకు ఆ ఏర్పాటు లేదు. 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగి, 1953కు పూర్తయిన కట్టడం అది. ప్రధానంగా సున్నం, సుర్కీ (కాల్చిన ఇటుక పొడి)తో కట్టినది. మద్రాసు వైపు చీఫ్ ఇంజినీరు తిరుమల అయ్యంగార్ ఆ సుర్కీ కోసం పట్టుబట్టి గెలిచాడని ఇంజినీర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాతికట్టు నిలిచింది. ఇనుము దగ్గరే దెబ్బ తగిలింది.

అప్పుడొచ్చారు ఎన్. కన్నయ్యనాయుడు. చిత్తూరు జిల్లా మనిషి, వయసు 78. గేట్లతోనే బతుకు గడిపిన ఇంజినీరు. ఆయన పనిచేసిన తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ ఆ డ్యాం పక్కనే ఉండేది. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు గేట్లు చేసిచ్చిన ప్రభుత్వ కర్మాగారం అది. నష్టాల పేరుతో 2015లో కేంద్ర మంత్రివర్గం దాని మూసివేతకు ఒప్పుకుంది. గేటు కొట్టుకుపోయిన రాత్రి, గేట్లు చేసే ఆ పొయ్యి పక్కనే ఉండి కూడా ఆరిపోయి ఉంది. దీనికి ఎవరిని అడగాలో నాకు తెలుసు గానీ, అడిగినా జవాబు లాభనష్టాల పట్టికలోనే వస్తుంది.

కన్నయ్యనాయుడు చెప్పిన మందు సూటిగా ఉంది. డ్యాం ఖాళీ చేయక్కర్లేదు. నీళ్లు పారుతుండగానే, కొట్టుకుపోయిన గేటు ఉన్న చోటే, 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు పలకలు అయిదు ఒకదాని మీద ఒకటి దింపుదాం. అయిదు నాలుగులు ఇరవై. మందు సూటిగానే ఉంది, మింగడమే కష్టం. నిండు డ్యాంలో అడుగు పలక ఒక్కదాని మీదే నీటి నెట్టుడు 120 టన్నుల పైమాట. అది కూడా నిలిచిన నీళ్ల లెక్క. దింపుతున్నప్పుడు ఉరకలేసే నీటి తోపు అదనం.

నాలుగైదు రోజుల్లో అయిదు పలకలు కావాలి. తోరణగల్లులో జిందాల్ ఉక్కు కర్మాగారం, హొసపేట చుట్టుపక్కల నారాయణ ఇంజినీరింగ్, హిందుస్థాన్ ఇంజినీరింగ్ షెడ్లు పని పంచుకున్నాయి. రాత్రీ పగలూ వెల్డింగ్ జరిగింది. ఈ కథలో నేను ఆగి చూడాలనుకున్న చోటు ఈ షెడ్లే. వార్తల్లో క్రేన్లు కనిపించాయి, నాయకులు కనిపించారు. వెల్డింగ్ రాడ్డు కింద ఇనుములో ఏం జరుగుతుందో టీవీలో కనిపించదు.

అతుకు దగ్గర ఉక్కు కరగాలంటే 1500 డిగ్రీల వేడి కావాలి. కాస్త అవతల ప్లేటు చల్లగానే ఉండొచ్చు. కరిగింది గడ్డకట్టి చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లని ఇనుము కదలనివ్వదు. ఈ పెనుగులాటలో అతుకు శాశ్వతంగా లాగబడి ఉండిపోతుంది, దాని చుట్టుపక్కల ఇనుము శాశ్వతంగా నొక్కబడి ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. పూస నున్నగా, వెండిలా మెరుస్తుంది. లోపల మాత్రం ఇంకా ఒక్క చుక్క నీటి భారం పడకముందే ఉక్కు తన శక్తినంతా వాడేసుకుని ఉండొచ్చు. మామూలు ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 25 కిలోల దాకా లాగినా తట్టుకుని వెనక్కొస్తుంది, అది దాటితే సాగి అలాగే ఉండిపోతుంది. రెండు చివర్లా బిగించిన ఉక్కు కడ్డీని వంద డిగ్రీలు చల్లారిస్తే చాలు, ఆ హద్దు వచ్చేస్తుంది. అతుకేమో 1500 నుంచి దిగి వస్తోంది.

షెడ్డులో పనివాళ్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. "ప్లేటు లాగింది" అంటారు. ఒకే వైపు వరసగా అతుకు పోస్తే, బిగించి కుట్టిన గుడ్డ ముడతపడినట్టు, పలక ఆ వైపుకు వంగుతుంది. అందుకే ముందు అక్కడక్కడా ట్యాకింగ్ కొట్టి నిలబెడతారు. కాస్త ఇటు, కాస్త అటు, మధ్య నుంచి చివరికి, ఒక చోట పోసి చల్లారనిచ్చి ఇంకో చోటికి పోతారు. అరవై అడుగుల పలక అర అంగుళం వంగినా గాడిలో కూర్చోదు, కూర్చున్నా సందుల్లోంచి నీళ్లు చిమ్ముతాయి. వంగకుండా గట్టిగా క్లాంపులు బిగిస్తే ఇంకో బాధ. పలక వంగదు, ఆ వంపు బలమంతా లోపల దాక్కుంటుంది. మెలికను బయటికి రానివ్వాలా, లోపల ఉంచాలా? వెల్డింగ్ అనే విద్య అంతా ఈ బేరమే. చిన్న వస్తువైతే కొలిమిలో 600 డిగ్రీల దాకా వేడి చేసి మెల్లగా చల్లార్చి లోపలి లాగుడు తగ్గిస్తారు. అరవై అడుగుల పలకకు అంత పెద్ద కొలిమి ఎక్కడ తెస్తారు?

కంటికి కనిపించని ఈ లాగుడును లెక్కతో పట్టుకోవాలని మనుషులు చాలాకాలం తంటాలు పడ్డారు. కదిలే మంట చుట్టూ వేడి ఎలా పరుచుకుంటుందో డానియల్ రోజెంతాల్ 1940ల్లో సూత్రం రాశాడు. ఆయన సూత్రంలో మంట ఒక చుక్క, అందుకని సరిగ్గా మంట ఉన్న చోట వేడి అనంతం అని వచ్చేది. 1971లో జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన యుకియో ఉయెదా బృందం, ఇనుమును చిన్న చిన్న గళ్లుగా కోసి కంప్యూటర్‌తో వెల్డింగ్ లాగుడును గుణించింది. 1984లో కెనడాలో జాన్ గోల్డాక్ ఆ మంటను చుక్కలా కాక, ముందు పొట్టిగా వెనక సాగిన గుడ్డు ఆకారంలో ఊహించాడు. ఇవాళ వెల్డింగ్ నమూనా చేసే చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ గుడ్డు కనిపిస్తుంది.

లెక్క రెండు మెట్లుగా నడుస్తుంది. మొదట వేడి. లక్షల గళ్లలో ఒక్కో గడి ఏ క్షణాన ఎంత వేడిగా ఉందో తేల్చాలి. వేడెక్కిన ఉక్కు గుణాలు మారిపోతాయి. 700 డిగ్రీల దగ్గర అది మెత్తబడి ఉంటుంది, తన బలంలో కొసరే మిగులుతుంది. కాబట్టి ప్రతి డిగ్రీకి దాని బలం, సాగే గుణం వేర్వేరుగా ఇచ్చుకుంటూ పోవాలి. రెండో మెట్టు బలాలది. ఏ గడి ఏ గడిని నెడుతోంది, ఏది లొంగిపోయింది, ఏది తట్టుకుంది. రాడ్డు ఇంకా చేరని చోట అతుకు లోహం లేదు కదా, ఆ గళ్లను లెక్కలోంచి ముందు చంపి ఉంచి, మంట చేరాక పుట్టిస్తారు. ఈ పరిభాష నాదేం కాదు, ఇంజినీర్లు నిజంగానే గళ్ల పుట్టుక, చావు అంటారు. తేలిన అంకెను నమ్మాలంటే నిజం అతుకు మీద గేజి అతికించి, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, చుట్టూ ఇనుము ఎంత సడలిందో చూసి సరిపోల్చుకోవాలి.

నీళ్లలో చేసే అతుకుకు ఈ లెక్క ఇంకా మొండిది. సోవియట్ ఇంజినీరు కాన్‌స్తాంతిన్ ఖ్రెనోవ్ 1932లో నీళ్ల కింద వెలిగే రాడ్డు తయారుచేశాడు. మంట చుట్టూ ఆవిరి బుడగ ఏర్పడుతుంది, ఆ బుడగలోనే అతుకు పడుతుంది. బుడగ అవతలంతా చల్లని నీళ్లు. 800 డిగ్రీల నుంచి 500కి దిగే వ్యవధిని బట్టి ఉక్కు ఎంత పెళుసవుతుందో తేలుతుంది, గాలిలో కాస్త నిదానంగా జరిగే ఆ దిగుడు నీళ్లలో చాలా వేగంగా అయిపోతుంది. పైగా నీటిలోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చొరబడుతుంది. లాగుడు, పెళుసుతనం, హైడ్రోజన్ మూడూ కలిస్తే అతుకు ఇవాళ బాగుండి రేపు పగలవచ్చు. ఇందుకే సముద్రం కింద గొట్టాలను సాధ్యమైనంత వరకు బార్జి మీదే అతికి, పరీక్షించి, ఆ తర్వాతే నీళ్లలోకి జారుస్తారు. కాకినాడకు ఎదురుగా 2020 డిసెంబరులో గ్యాస్ మొదలైన ఆర్ క్లస్టర్ రెండు వేల మీటర్లకు పైగా లోతున ఉంది. ఆ లోతులో బయట నుంచి నీళ్లు చదరపు సెంటీమీటరుకు 200 కిలోలతో నొక్కుతాయి, లోపల గ్యాస్ ఒత్తిడి వేరే. ప్రతి గొట్టపు అతుకులో చల్లారినప్పుడు దాక్కున్న లాగుడు వీటికి తోడవుతుంది. అక్కడికి ఎవరూ సుత్తి పట్టుకుని వెళ్లి తట్టి చూడలేరు. లెక్కే చూపు.

ఇలాంటి లెక్కల శాస్త్రంలో మనవాళ్లు ఇద్దరు పెద్ద పేరున్నవాళ్లు. ఇద్దరూ 1945లోనే పుట్టారు, తుంగభద్రకు పునాదిరాయి వేసిన ఏడే. గుడివాడ అబ్బాయి అట్లూరి సత్యనాథం కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, బెంగళూరు మీదుగా ఎంఐటీకి వెళ్లి, బీట ఎలా పాకుతుందో కంప్యూటర్‌తో కనిపెట్టే పద్ధతులకు జీవితం ఇచ్చాడు. 2013లో పద్మభూషణ్ వచ్చింది. రెండో ఆయన జూనుతుల నరసింహారెడ్డి, ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లి టెక్సస్‌లో స్థిరపడ్డాడు. గళ్ల పద్ధతి మీద ఆయన 1984లో రాసిన పాఠ్యపుస్తకం ప్రపంచమంతా ఇంజినీరింగ్ పిల్లల బల్లల మీద ఉంటుంది. లెక్క మనకు తెలియక కాదు అని చెప్పడానికే ఈ పేర్లు ఎత్తాను.

లెక్కను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఉత్తర సముద్రంలో ఒక సాయంత్రం తెలిసింది. 1980 మార్చి 27. నార్వే దగ్గర చమురు కార్మికులు పడుకోవడానికి తేలుతూ ఉండే వసతి వేదిక, పేరు అలెగ్జాండర్ కీలాండ్. అయిదు లావాటి కాళ్ల మీద నిలిచిన ఇనుప ఊరు. పని ముగించుకుని వచ్చిన వాళ్లలో కొందరు సినిమా చూస్తున్నారు. బయట ఈదురుగాలి, పెద్ద అలలు. ఆరున్నరకు ఏదో విరిగిన చప్పుడు. ఒక కాలును పట్టుకున్న అడ్డగొట్టం తెగింది, దాని వెంట ఆ కాలును పట్టుకున్న మిగతా గొట్టాలూ తెగాయి. కాలు ఊడిపోయింది. వేదిక ఒరిగి, అరగంట కూడా గడవకముందే తలకిందులైంది. 212 మందిలో 123 మంది చనిపోయారు.

విచారణలో తేలింది వింటే ఒళ్లు జలదరిస్తుంది. మొదట తెగిన ఆ అడ్డగొట్టానికి ధ్వనిని పట్టే చిన్న పరికరం కోసం ఒక బిగింపు అతికారు. అది బరువు మోసేది కాదు. అందుకని దాని అతుకును ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆరు మిల్లీమీటర్ల అతుకు. అందులో పుట్టిన బీట అలల దెబ్బలకు పాకి గొట్టం చుట్టూ తిరిగింది. ఆ బీట లోపల రంగు దొరికింది. అంటే ఫ్రాన్సులో కట్టి రంగు వేసిన నాటికే అతుకు చీలి ఉంది. నాలుగేళ్లు సముద్రం మీద మనుషులు దాని పైనే తిన్నారు, పడుకున్నారు.

హొసపేటకు తిరిగి వద్దాం. ఆగస్టు 15. దేశమంతా జెండా పండగలో ఉంటే డ్యాం మీద క్రేన్ల కింద మొదటి పలక వేలాడింది. ఆ రోజు అది కూర్చోలేదు. పైన గేట్ల నిర్మాణంలో ఇనుప భాగాలు అడ్డొచ్చాయి. దింపుతారు, తగులుకుంటుంది, ఎత్తుతారు. గట్టున చూసే వాళ్ల గుండెలు కూడా దానితో పాటే ఎక్కి దిగాయి. అడ్డొచ్చిన ఇనుమును కోసి తీసేశారు.

మర్నాడు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ఇళ్లల్లో ఆడవాళ్లు కలశం పెట్టిన పొద్దు. ఆ రోజు పొద్దుగూకాక మొదటి పలక నీళ్లు చీల్చుకుంటూ దిగి గట్టును తాకింది. అడుగున నాలుగడుగులు మూతపడ్డాయి. శనివారం మిగతావి ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. ఆగస్టు 17 రాత్రికి అయిదూ కూర్చున్నాయి. పందొమ్మిదో ఖానాలో పారుడు ఆగింది. గొలుసు తెగి అప్పటికి సరిగ్గా వారం. డ్యాంలో ఇంకా 70 టీఎంసీల పైచిలుకు నీళ్లున్నాయి. మరుసటి రోజు మంత్రాలయంలో ఆరాధనోత్సవాలు మొదలయ్యాయి.

"నిలిచ్చినాయంటప్పా నీళ్లు" అన్న మాట ఆదోని నుంచి తుగ్గలి దాకా ఫోన్లలో తిరిగింది. "ముసలాయప్ప నిలిపినాడంట. మన చిత్తూరాయప్పే." మెట్ట ఊళ్లలో కూడా టీకొట్ల దగ్గర ఆ ముసలాయన ఎవరో తమ చుట్టమన్నట్టు మాట్లాడుకున్నారు. తర్వాత వచ్చిన వరదకు డ్యాం మళ్లీ నిండింది. సెప్టెంబరులో సిద్ధరామయ్య వచ్చి తుంగభద్రకు బాగినం (వాయనం) ఇచ్చి వెళ్లారు. ఎల్లెల్సీ కింద ఆ ఖరీఫ్ దక్కింది.

కన్నయ్యనాయుడికి మాత్రం తీరిక దొరకలేదు. సెప్టెంబరు మొదటి వారంలో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. కొట్టుకొచ్చిన బోట్లు విజయవాడలో ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి, గేట్లను తేలిగ్గా ఎత్తడానికి ఉండే కౌంటర్ వెయిట్లు విరిగాయి. ఆయన్నే పిలిచారు. వరద పారుతుండగానే విరిగినవి తీసి ఉక్కువి పెట్టించారు. నీళ్లలో ఇరుక్కున్న బోట్లను కోయడానికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కట్టర్లతో నీటి అడుగుకు దిగారు.  ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన్ను గేట్ల సలహాదారుగా పెట్టుకుంది. రాష్ట్రంలో గేట్లకు ఇది మొదటి హెచ్చరిక కూడా కాదు. 2021 ఆగస్టులో పులిచింతల పదహారో గేటు, 2022లో గుండ్లకమ్మ గేటు కొట్టుకుపోయాయి. ప్రతిసారీ ఒక పెద్దమనిషి పరిగెత్తుకొచ్చి నీళ్లాపుతాడని నమ్ముకుని డ్యాంలు నడపలేం.

తుంగభద్రలో మిగతా 32 గేట్లను పరీక్షించారు. పలకల మందం బాగా తరిగిపోయిందని తేలింది. డెబ్బై ఏళ్లు నీళ్లు, గాలి, తుప్పు తిన్న ఇనుము అది. పలుచబడ్డ పలకకు మోసే శక్తి తగ్గుతుంది.  అందుకని 2025 వర్షాకాలంలో 105 టీఎంసీల డ్యాంలో 80 టీఎంసీలకు మించి నిలపలేదు. మిగతాది వచ్చింది వచ్చినట్టు నదిలోకే వదిలారు. 33 గేట్లూ కొత్తవి పెట్టాలని నిర్ణయించారు. ఆ పనికి డ్యాం దించాలి కాబట్టి 2025-26లో రెండో పంటకు నీళ్లివ్వమన్నారు.

రబీ లేకపోతే ఎల్లెల్సీ కింద ఏం పెడతారు? కొందరు శనగ, జొన్న అన్నారు, వాన పదునుకు వచ్చినంత వస్తుందని. కొందరు పొలం బీడు పెట్టి బళ్లారి, బెంగళూరు పనులకు పోయారు. కౌతాళం వైపు ఒక రైతు నాతో అన్నాడు: "ఒక పంట పోతే పోనీప్పా, గేట్లు గట్టిగా ఏస్తే సాలు. గట్టిగా ఏసినారో లేదో మాకెట్ల తెలుస్తాది?" ఆయన అడిగింది సరైన ప్రశ్న. ముఖ్యమైన అతుకులకు ఎక్స్‌రే ఫిల్మో, అల్ట్రాసోనిక్ రికార్డో ఉండాలి. ప్రతి గేటు డిజైనుకు బలాల లెక్క ఉండాలి, ఏ గొలుసు ఎన్నేళ్లకు మార్చాలో రాసి ఉండాలి. పంట వదులుకున్న ఊళ్లలో, పంచాయతీ ఆఫీసు గోడ మీద ఆ కాగితాల సారాంశం తెలుగులో ఒక్క పేజీ అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.